అరవై ఆరేళ్ల నాన్నతో పూన్‌హిల్ నడక: కడప నుంచి వెళ్లేవారికి

మీ ప్రశ్నను కుదించి చెప్పుకుంటే ఇది. కడప నుంచి నలుగురు బయల్దేరాలనుకుంటున్నారు: మీ దంపతులు, ఇంటర్ చదివే పదిహేడేళ్ల అబ్బాయి, బీపీ మాత్రలు వేసుకునే అరవై ఆరేళ్ల నాన్నగారు. నేపాల్‌లో టీహౌస్ లాడ్జీలలో బస చేస్తూ ఘోరేపానీ ఊరు, దాని పైనున్న పూన్‌హిల్ గుట్ట, ఘాంద్రుక్ ఊరు మీదుగా నడవాలని కోరిక. ఒక ఏజెన్సీవారు అక్కడి పోఖరా పట్టణం నుంచి బయల్దేరి మళ్లీ పోఖరా చేరే మూడు రాత్రుల ప్యాకేజీ ఇస్తామన్నారు. నాన్నగారు నడవగలరా, ఎప్పుడు వెళ్లాలి, గైడు కావాలా, తిండి సంగతేమిటి అని అడిగారు.

నడవగలరు. కానీ ఆ ప్యాకేజీలో మాత్రం వద్దు. నాన్నగారికి కష్టమయ్యేది పూన్‌హిల్ ఎత్తు కాదు, ఆ కాగితంలోని రెండో రోజు.

అందులో రెండో రోజుకు ఎదురుగా ‘తిఖేఢుంగా నుంచి ఘోరేపానీ’ అని ఒక్క వరుస రాసి ఉంటుంది చూడండి. ఆ ఒక్క వరుసలో సుమారు 1,540 మీటర్ల నుంచి 2,860 మీటర్ల దాకా ఎక్కాలి. మొదట ఉల్లేరి మెట్లు. రాతి పలకలు పేర్చి కట్టిన ఆ మెట్లు మూడు వేల రెండు వందలకు పైనే ఉంటాయని చెబుతారు. అలిపిరి మెట్లు 3,550 కాబట్టి మనవాళ్లు ఆ లెక్క విని భయపడరు. నిజానికి ఎత్తు ప్రకారం చూసినా అలిపిరి నుంచి తిరుమలకు ఎక్కేది దాదాపు 700 మీటర్లు, తిఖేఢుంగా నుంచి ఉల్లేరికి ఎక్కేది 450 మీటర్ల చిల్లర. అయితే తిరుమలలో మెట్లు పూర్తయితే నడక పూర్తయినట్టే. ఉల్లేరిలో మెట్లు పూర్తయ్యాక ఇంకో 850 మీటర్ల ఎక్కుడు మిగిలే ఉంటుంది. మోకాళ్ల పర్వతం దాటి కొండ చేరుకున్న మనిషిని, మళ్లీ కిందికి తెచ్చి ఇంకోసారి ఎక్కమన్నట్టు ఉంటుంది ఆ రోజు. పదిహేడేళ్ల అబ్బాయికి అది సరదా. అరవై ఆరేళ్ల వారికి, అందులోనూ మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి పూన్‌హిల్ ఎక్కాల్సినవారికి, అది శిక్ష.

అందుకే నేను చెప్పేది ఐదు రాత్రుల నడక. దారి అదే, ఊళ్లూ అవే, ఆగే చోట్లు మాత్రం వేరు.

మొదటి రోజు పోఖరాలో పొద్దున్నే జీపు మాట్లాడుకోండి. నయాపుల్ నలభై కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ దిగి నడవడం పాత పద్ధతి. ఇప్పుడు మట్టి రోడ్డు తిఖేఢుంగా మీదుగా ఉల్లేరి దాకా, ఆ పైకి కూడా వెళ్లింది. రోడ్డు వచ్చి నడక అందం పోయిందని బాధపడేవారు చాలామంది ఉన్నారు. నయాపుల్ నుంచి తిఖేఢుంగా వరకు జీపులు లేపే దుమ్ములో నడిస్తే ఆ బాధ నిజమేననిపిస్తుంది కూడా. కానీ ఆ ఊళ్లలో పురిటి నొప్పులు వచ్చినవారిని ఒకప్పుడు బుట్టలో కూర్చోబెట్టి వీపున మోసుకుని దింపేవారు. రోడ్డు వద్దని చెప్పే హక్కు సెలవుల్లో వచ్చి వెళ్లే మనకు లేదు. మీరూ అబ్బాయీ తిఖేఢుంగాలో దిగి మెట్లు ఎక్కండి. నాన్నగారు, మీ శ్రీమతి జీపులోనే ఉల్లేరి చేరి, మీకంటే ముందు గది చూసుకుని టీ తాగుతూ కూర్చుంటారు. రాత్రి అక్కడే.

రెండో రోజు ఉల్లేరి నుంచి బన్‌ఠాంటీ, నంగెఠాంటీ మీదుగా ఘోరేపానీ. అడవి దారి, ఓక్ చెట్లు, నాచు పట్టిన కొమ్మలు, మధ్యలో వాగులు. నాన్నగారి నడకతో ఐదారు గంటలు అనుకోండి. మధ్యాహ్నం రెండు లోపు చేరేలా చూసుకోండి. రెండు కారణాలు: మధ్యాహ్నం దాటితే మబ్బు కమ్ముకుంటుంది, సీజన్‌లో ఘోరేపానీ గదులు త్వరగా నిండిపోతాయి. ఆలస్యంగా చేరినవారు భోజనాల గదిలో బల్లల మీద పడుకున్న సందర్భాలు ఉన్నాయి.

మూడో రోజు తెల్లవారుజామున పూన్‌హిల్. ఘోరేపానీ నుంచి 350 మీటర్ల ఎక్కుడు, మామూలు నడకకు గంట. నాన్నగారికి గంటన్నర ఇవ్వండి, అరగంట ముందే బయల్దేరండి. పైన 3,210 మీటర్లు. ఎదురుగా ధవళగిరి, 8,167 మీటర్లు, ప్రపంచంలో ఏడో ఎత్తైన శిఖరం. కుడివైపు అన్నపూర్ణ శ్రేణి. వాటి మధ్య లోతుగా కాళీ గండకీ లోయ. ముందు ధవళగిరి నెత్తిన ఎర్రటి వెలుగు పడుతుంది, తరువాత అది మెల్లగా కిందికి జారుతుంది. దీని గురించి ఇంతకంటే రాయను, ఫొటోలు కావలసినన్ని దొరుకుతాయి. ఫొటోలలో కనిపించనిది జనం. అక్టోబరు, నవంబరులలో ఆ చిన్న గుట్ట మీద వందల మంది ఉంటారు. మనవాళ్లు కొందరు స్పీకరు పెట్టి పాటలు మోగిస్తారు, దయచేసి మీరు ఆ జాబితాలో చేరకండి. మబ్బు పట్టి ఏమీ కనబడకపోతే బెంగ వద్దు. అదే రోజు దేవురాలీ వైపు వెళ్లే దారి ఘోరేపానీ పైనున్న గట్టు మీదుగానే సాగుతుంది. అక్కడి నుంచి కనిపించేవీ ఇవే శిఖరాలు, రద్దీ ఉండదు. నన్నడిగితే పూన్‌హిల్ కంటే ఆ గట్టే బాగుంటుంది. నాన్నగారు తెల్లవారుజామున లేవలేనంటే బలవంతపెట్టకండి. ఆయనకు ఆ గట్టు ఉంది.

గట్టు దాటాక దారి అడవిలోకి దిగుతుంది. ప్యాకేజీవారు ఇదే రోజు తాడాపానీ దాకా నడిపిస్తారు. మీరు మధ్యలో బన్‌ఠాంటీలో ఆగండి. నిన్న దాటిన బన్‌ఠాంటీ వేరు, ఇది వేరు. ఈ దారిలో ఆ పేరుతో రెండు చోట్లున్నాయి, గది చెప్పేటప్పుడు ఏది అన్నది స్పష్టంగా చెప్పాలి.

నాలుగో రోజు తాడాపానీ మీదుగా ఘాంద్రుక్. తాడాపానీకి ముందు ఒక వాగు దాకా దిగి, మళ్లీ పైకి ఎక్కాలి. దిగేటప్పుడు ఊరు ఎదురుగానే కనిపిస్తుంది, ఎంతకీ రాదు. అక్కడి నుంచి ఘాంద్రుక్ వరకు దాదాపు ఏడు వందల మీటర్ల దిగుడు. మోకాళ్ల సంగతి తేలేది ఇక్కడే, దాని గురించి కింద చెబుతాను.

ఐదో రోజు ఎక్కడికీ వెళ్లకండి. ఘాంద్రుక్‌లోనే ఉండండి. ఏజెన్సీవారు మొదట కోసేసేది ఈ రోజునే. నా దృష్టిలో మొత్తం ప్రయాణంలో వదులుకోకూడనిది కూడా ఇదే. రెండు వేల మీటర్ల ఎత్తున, పలకరాతి కప్పుల ఇళ్లతో, రాతి పరిచిన సందులతో ఉన్న, గురుంగ్ తెగవారి పెద్ద ఊరు అది. తరతరాలుగా భారత, బ్రిటిష్ సైన్యాల గోర్ఖా రెజిమెంట్లకు మనుషులను పంపిన ప్రాంతం. పింఛను మీద బతికే మాజీ సైనికులు ఎండకు కూర్చుని కనిపిస్తారు. నాన్నగారికి హిందీ వస్తే సాయంత్రం దాకా కబుర్లే. గురుంగుల పాత వస్తువులు పెట్టిన చిన్న ప్రదర్శనశాల కూడా ఉంది. ఎదురుగా అన్నపూర్ణ దక్షిణ శిఖరం, దాని పక్కన మచ్ఛపుఛ్రే. 6,993 మీటర్ల ఆ శిఖరాన్ని పవిత్రంగా చూస్తారు, ఎక్కడానికి అనుమతి లేదు. 1957లో ఒక బ్రిటిష్ బృందం పైదాకా వెళ్లి, కొన కొద్ది మీటర్ల దూరంలో ఉండగా వెనుదిరిగింది. అంతకు ఏడేళ్ల ముందే, 1950 జూన్ 3న, అన్నపూర్ణ ప్రధాన శిఖరాన్ని ఫ్రెంచివారు ఎక్కారు. ఎనిమిది వేల మీటర్లు దాటిన శిఖరాలలో మనిషి మొదట అడుగు పెట్టింది దాని మీదే. అబ్బాయికి ఇవన్నీ ఊళ్లో కూర్చుని చూపించడానికి ఒక పూట తీరిక ఉండాలి కదా. ఆరో రోజు పొద్దున జీపులో పోఖరా.

ఇక టీహౌస్ అంటే ఏమిటన్నది. పేరులో టీ ఉన్నా అది కొట్టు కాదు, లాడ్జీ. ఒక కుటుంబం నడిపే ఇల్లు: కింద వంటిల్లు, భోజనాల గది, పైన ప్లైవుడ్ గోడలతో చిన్న గదులు. రెండు మంచాలు, పరుపు, దిండు, బరువైన రగ్గు. పక్క గదిలో గురక ఇక్కడికి వినిపిస్తుంది. గదిలో వెచ్చదనం ఉండదు. భోజనాల గది మధ్యలో ఉన్న కట్టెల పొయ్యి చుట్టూ సాయంత్రం అందరూ చేరతారు, తడిసిన మేజోళ్లు అక్కడే ఆరతాయి. తొమ్మిదింటికల్లా అందరూ నిద్రే. వేడి నీటి స్నానానికి, ఫోను చార్జింగుకు చాలాచోట్ల విడిగా డబ్బు తీసుకుంటారు. పైకి వెళ్లిన కొద్దీ ఆ ధర పెరుగుతుంది. స్నానం మధ్యాహ్నం చేరగానే ముగించండి, సాయంత్రం తల తడిపితే జలుబు ఖాయం. ఉల్లేరిలో, ఘాంద్రుక్‌లో గదిలోనే బాత్రూము ఉన్నవి దొరుకుతాయి, నాన్నగారి కోసం ముందే అడగండి. మిగిలినచోట్ల రాత్రి టార్చి పట్టుకుని వరండా చివరికి నడవాలి.

గది అద్దె చాలా తక్కువ. ఎందుకంటే వాళ్లకు మిగిలేది తిండి మీద. అందుకే ఎక్కడ పడుకుంటే అక్కడే రాత్రి భోజనం, పొద్దుటి ఫలహారం చేయాలన్నది అక్కడి అలిఖిత ఒప్పందం. గది ఒకచోట తీసుకుని భోజనానికి పక్కింటికి వెళ్లడం ఆ ఇంటివారిని అవమానించినట్టే. మెనూ ధరలు స్థానిక లాడ్జీల కమిటీ కట్టేవే, ఇంటింటికీ బేరం ఉండదు. బియ్యం, గ్యాసు సిలిండరు, సబ్బు, అన్నీ కంచర గాడిదల మీదో మనిషి వీపు మీదో వచ్చినవి కాబట్టి పోఖరాలో వంద పలికేది పైన రెండు వందలు పలుకుతుంది. ఇంకో మాట: వంటింట్లో ఉండేది ఒకటో రెండో పొయ్యిలు. చేరగానే రాత్రి భోజనం చెప్పేయండి, నలుగురూ ఒకే వంట చెప్పండి. ఒకరు నూడుల్స్, ఒకరు పిజ్జా, ఒకరు మోమో అంటే తొమ్మిదింటికి కూడా తినరు.

ఆ ఒకే వంట ఏదో చెప్పనవసరం లేదు, దాల్ భాత్. అన్నం, పప్పు, కూరగాయ, ఆకుకూర, ఊరగాయ, అప్పడం. కడుపు నిండేదాకా మారు వడ్డిస్తారు. శాకాహారులకు ఇబ్బంది ఉండదు. మన నాలుకకు పప్పు చప్పగా అనిపిస్తుంది. ఒక డబ్బాలో వేరుశనగ పొడి, ఇంకో డబ్బాలో ఎర్రకారం తీసుకెళ్లండి, మూడో రోజుకు వాటి విలువ తెలుస్తుంది. పచ్చడి సీసాలు వద్దు, సంచిలో నూనె కారితే బట్టలన్నీ పోతాయి. ఘాంద్రుక్‌లో ఢిండో అడగండి. రాగి పిండితో గాని మొక్కజొన్న పిండితో గాని చేస్తారు. రాగులతో చేసినది మన సంగటే, బియ్యపు నూకలు మాత్రం ఉండవు. నాన్నగారు దాన్ని గుండ్రుక్ పులుసుతో తింటే (పులియబెట్టి ఎండబెట్టిన ఆకుకూర అది) ఇక దాల్ భాత్ వైపు చూడరు. మాంసం పైన ఎన్నాళ్లు నిల్వ ఉన్నదో తెలియదు కాబట్టి నడిచినన్నాళ్లు మానేయండి. కుళాయి నీరు నేరుగా తాగవద్దు. కాచిన నీరు కొనండి, లేదా క్లోరిన్ మాత్రలు వేసుకోండి.

ఎత్తు గురించి భయపడాల్సినంత లేదు, నిర్లక్ష్యం చేసేంత తక్కువా కాదు. మన రాష్ట్రంలో అన్నింటికంటే ఎత్తైన అర్మ కొండ 1,680 మీటర్లు. ఉల్లేరిలో మొదటి రాత్రే మీరు దాన్ని దాటి పడుకుంటారు. ఎత్తు జబ్బు సాధారణంగా 2,500 మీటర్ల పైన మొదలవుతుంది. ఈ దారిలో అంత ఎత్తున గడిపేవి రెండు రాత్రులే. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం దాని గుర్తులు. తలనొప్పితో ఇంకా పైకి ఎక్కకూడదు. విశ్రాంతితో, నీళ్లతో తగ్గకపోతే కిందికి దిగాలి, అంతే మందు. తడబడుతూ నడిచినా, కూర్చున్నా ఆయాసం ఆగకపోయినా రాత్రి అని చూడకుండా దించాలి. వయసు మళ్లినవారు ‘ఏమీ లేదులే’ అని దాచిపెడతారు. రోజూ పొద్దున నాన్నగారిని ‘బాగున్నారా’ అని కాకుండా ‘రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఏమి తిన్నారు’ అని అడగండి. బయల్దేరడానికి నెలన్నర ముందే ఆయన వైద్యునికి ఎక్కే ఎత్తూ రోజుల లెక్కా చూపించి, గుండె పరీక్ష చేయించండి. కొన్ని బీపీ మాత్రలు ఎక్కేటప్పుడు గుండె వేగాన్ని పెరగనివ్వవు, కొన్ని ఒంట్లో నీటిని లాగేస్తాయి. ఏ మాత్ర ఎలా మార్చాలో ఆ వైద్యుడే చెప్పాలి. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర కూడా ఆయన్ను అడిగాకే, ముఖ్యంగా సల్ఫా మందులు పడనివారైతే. మాత్రలు రెండు సంచుల్లో విడివిడిగా పెట్టండి. చలికాచుకోవడానికి అక్కడ దొరికే కోదో (రాగుల) సారా రుచి చూడాలనిపిస్తే అది ఘాంద్రుక్ దిగాకే.

ఎప్పుడు వెళ్లాలంటే కార్తిక మాసంలో. దీపావళి వెళ్లాక మూడు వారాలు ఆకాశం కడిగినట్టు ఉంటుంది, చలి ఓర్చుకోగలిగినంత. దసరా సెలవుల్లో అందరూ బయల్దేరతారు. కానీ నేపాల్‌లోనూ అదే పెద్ద పండుగ. డ్రైవర్లు, పోర్టర్లు సొంతూళ్లకు వెళ్లిపోతారు, బస్సుల్లో చోటు దొరకదు. సంక్రాంతికి ఖాళీగా ఉంటుంది, కానీ దేవురాలీ నుంచి దిగే నీడ దారి మంచు గడ్డకట్టి జారుతుంది, నాన్నగారితో వద్దు. ఉగాది ముందూ వెనుకా కూడా బాగుంటుంది. ఘోరేపానీ చుట్టూ కొండలన్నీ లాలీగురాస్ (రోడోడెండ్రాన్) పూలతో ఎర్రబడతాయి, మధ్యాహ్నాలు మాత్రం మబ్బు, ఒక్కోసారి వడగళ్లు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా జలగలు, కొండచరియలు.

కార్తికం అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక. మనకు బంగాళాఖాతంలో తుపాన్లు వచ్చేది కూడా ఆ కాలంలోనే. 2014 అక్టోబరు 12న విశాఖను ముంచిన హుద్‌హుద్ అక్కడితో ఆగలేదు. దాని తేమ ఉత్తరానికి కొట్టుకుపోయి, రెండు రోజుల తరువాత అన్నపూర్ణ ప్రాంతంలోని థోరాంగ్ లా కనుమ వద్ద మంచు తుపానుగా కురిసింది. నలభై మందికి పైగా ట్రెక్కర్లు, గైడ్లు, స్థానికులు చనిపోయారు. ఆ కనుమ 5,400 మీటర్ల పైన ఉంది, మీ దారి అంత ప్రమాదకరం కాదు. అయినా బయల్దేరే ముందు హిమాలయ వాతావరణమే కాదు, మన తీరం సంగతీ చూడండి. వాయుగుండం ఉందంటే పోఖరాలో సరస్సు గట్టున ఇంకో రెండు రోజులు కూర్చోండి.

కాగితాలలో మనవాళ్లు తరచూ చిక్కుకునేది ఆధార్ దగ్గర. భారతీయులకు నేపాల్ వీసా అక్కర్లేదు. కానీ విమానంలో వెళ్తే పెద్దలకు పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని ఉండాలి. ఆధార్ చెల్లేది పదిహేనేళ్ల లోపు, అరవై అయిదు దాటినవారికే. అంటే మీ ఇంట్లో నాన్నగారికి చెల్లుతుంది, మీకు చెల్లదు. అబ్బాయికి ఓటరు కార్డు ఉండదు కాబట్టి ఇప్పుడే పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయండి. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం అనుమతికి సార్క్ దేశాలవారికి వెయ్యి నేపాలీ రూపాయలు, అంటే మన డబ్బులో 625. వంద భారత రూపాయలకు 160 నేపాలీ రూపాయలు, ఆ మారకం స్థిరంగా ఉంటుంది. మన అయిదు వందల నోట్ల మీద అక్కడ నిబంధనలు మారుతూ వచ్చాయి, వంద నోట్లకు ఎప్పుడూ పేచీ లేదు. పోఖరా దాటాక ఏటీఎంను నమ్ముకోకండి. చిన్న నేపాలీ నోట్లు కట్టలుగా పెట్టుకోండి.

ప్రయాణం: బెంగళూరు యశ్వంతపురం నుంచి, సికింద్రాబాద్ నుంచి గోరఖ్‌పూర్‌కు నేరుగా రైళ్లున్నాయి. అక్కడి నుంచి బస్సులో మూడు గంటలకు సునౌలీ సరిహద్దు, దాటితే భైరహవా, అక్కడి నుంచి కొండ దారిలో పోఖరాకు ఒక పగలంతా. చవకే, కానీ నాన్నగారు నడక మొదలుపెట్టకముందే అలిసిపోతారు. ఆయన్ను విమానంలో కాఠ్మాండూకు తీసుకెళ్లి, మరో చిన్న విమానంలో పోఖరా చేర్చండి. డబ్బు ఆదా చేయాలంటే తిరుగు ప్రయాణంలో రైలెక్కండి, దారిలో లుంబిని కూడా చూడవచ్చు.

గైడు కావాలి. 2023 ఏప్రిల్ నుంచి విదేశీ ట్రెక్కర్లకు లైసెన్సున్న గైడు తప్పనిసరి అన్న నిబంధన వచ్చింది. అమలు చోటును బట్టి, కాలాన్ని బట్టి మారుతోంది. అనుమతి తీసుకునేటప్పుడు పోఖరాలోని పర్యాటక కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. నిబంధన ఎలా ఉన్నా నాన్నగారి కోసం నేనైతే గైడు లేకుండా వెళ్లమనను. దారి తప్పుతారని కాదు, ఆ దారిలో తప్పిపోవడం కష్టం. ముందు ఊరికి ఫోను చేసి గది ఉంచమనడానికి, నాన్నగారు అలిసిపోయిన రోజున ఆయనతో వెనుక నడవడానికి, అవసరమైతే జీపు పిలిపించడానికి. నలుగురికి ఒక గైడు, ఇద్దరు పోర్టర్లు చాలు. పోర్టరుకు ఇరవై కిలోలకు మించి ఎత్తకండి. ఆయన కాళ్లకు సరైన బూట్లు, ఒంటికి చలికోటు, పేరున బీమా ఉన్నాయో లేదో బయల్దేరే ముందు మీరే చూడండి. చెప్పులతో మంచులో మోయించి ఫొటోలు దిగేవారిని చూశాను, వారితో మళ్లీ మాట్లాడాలనిపించలేదు.

సాధన సంగతి. కడపలో ఎండలు తగ్గగానే మొదలుపెట్టండి. నాన్నగారికి రోజూ గంటన్నర చురుకైన నడక, వారానికి రెండు సార్లు మెట్లు. మీకూ అబ్బాయికీ నెలకోసారి అలిపిరి మెట్లు, అయితే ఒక షరతు: పైకి ఎక్కి బస్సులో దిగివచ్చే అలవాటు మానేయాలి. ఎక్కడం గుండెకు పరీక్ష, దిగడం మోకాళ్లకు. తాడాపానీ నుంచి ఘాంద్రుక్‌కు దిగేటప్పుడు కుంటుతూ కనిపించేవారంతా ఎక్కడమే సాధన చేసినవారు. తిరుమల మెట్లు సమంగా ఉంటాయి, అక్కడివి ఉండవు. అందుకని ఒకసారి ఎగువ అహోబిలం వెళ్లి, ఉగ్రస్తంభం దారిలో రాళ్ల మీద నడవండి, అటవీ శాఖ వారు తెరిచి ఉంచిన రోజుల్లో, స్థానికుని తోడు తీసుకుని. కొన్న బూట్లతోనే ఇవన్నీ చేయాలి. కొత్త బూట్లు పోఖరాలో విప్పితే రెండో రోజుకు బొబ్బలే. రెండు చేతికర్రలు నాన్నగారికి తప్పనిసరి, దిగేటప్పుడు వాటిని కాస్త పొడవుగా పెట్టుకోవాలి.

బట్టలకు ఎక్కువ ఖర్చు పెట్టకండి. చలికోటు (డౌన్ జాకెట్), నిద్ర సంచి పోఖరా లేక్‌సైడ్‌లో అద్దెకు దొరుకుతాయి. నూలు బనియన్లు చెమటకు తడిస్తే ఆరవు, పాలియెస్టర్‌వి పెట్టుకోండి. తలకు పెట్టుకునే టార్చి, మంకీ క్యాప్, వాన కోటు, సాయంత్రానికి చెప్పులు. గాడిదల గుంపు ఎదురైతే కొండ గోడ వైపు ఒదిగి నిలబడాలి, లోయ వైపు ఎప్పుడూ కాదు. వాటి వీపున ఉన్న బస్తా తగిలి కింద పడినవారున్నారు. ఇది అబ్బాయికి ప్రత్యేకంగా చెప్పండి, ఫోను చూసుకుంటూ నడిచే వయసు.

రద్దీ అసలే వద్దనుకుంటే పక్కనే మొహరే డాండా ఉంది. దాదాపు అంతే ఎత్తు, అవే శిఖరాలు, ఊరి సంఘాలు నడిపే లాడ్జీలు. ఆ కొండల్లోని నాంగీ ఊరివాడైన మహావీర్ పూన్ పల్లెలకు వైర్‌లెస్ ఇంటర్నెట్ తెచ్చి 2007లో మెగసెసే అవార్డు అందుకున్నారు. అయితే అక్కడ నాన్నగారు అలిసిపోతే వెంటనే దొరికే జీపులు తక్కువ. అందుకే మీకు ఘోరేపానీ దారే చెబుతున్నాను.

ఇప్పుడు ఏజెన్సీవారికి ఫోను చేసి మూడే విషయాలు అడగండి. ఉల్లేరిలో మొదటి రాత్రి, రెండో బన్‌ఠాంటీలో మూడో రాత్రి, ఘాంద్రుక్‌లో రెండు రాత్రులు కుదురుతాయా? గైడు లైసెన్సు నకలు, పోర్టర్ల బీమా కాగితం ముందే పంపుతారా? తిండి ఖర్చు ప్యాకేజీలో కలిపితే రోజుకు ఎన్ని పూటలు, టీ కూడా కలిసిందా? మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే బయానా కట్టకండి. పోఖరాలో దిగి ఒక రోజు తీరిగ్గా నలుగురు గైడ్లతో మాట్లాడితే, నాన్నగారి అడుగుకు తన అడుగు తగ్గించుకునే మనిషి దొరుకుతారు.